శనివారం పాలగ్లాసు

నాకు కోపం ఇట్టే వస్తుంది. పోవడానికే ఏళ్లు పడతాయి. గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానాలో థియేటర్ సిస్టరుగా చేసిన రోజుల్లో దాన్ని లోపలే అణుచుకోవడం నేర్చుకున్నాను. మా ఆపరేషన్ల డాక్టరుకు చెయ్యి మంచిది, నోరే చెడ్డది. కత్తెర అందించడం ఒక్క క్షణం ఆలస్యమైతే అదే కత్తెరతో వేళ్ల మీద కొట్టేవాడు.

ఆయనకు షుగరు. పొద్దున్నే మాత్ర మింగుతాడు, అయినా శనివారం ఒక్కపొద్దు మానడు. మత్తు డాక్టరు పోరగా పోరగా ఒక గ్లాసు బెల్లం పాలు తాగడానికి ఒప్పుకున్నాడు. థియేటర్లోకి వెళ్లేముందు ఆ గ్లాసు చేతికివ్వడం నా పని.

ఆ శనివారం వార్డులో కేసు షీటు ఒకటి కనబడక వెతుకుతున్నాను. పేషెంట్ల చుట్టాలందరి ముందు, "గట్టుల గొర్లు కాసుకోక నీకు నర్సు పనెందుకే?" అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను చదివించడానికి మా నాయన నిజంగానే గొర్లు కాశాడు. కడుపు మండిపోయింది. వెళ్లి ఆ పాలు సింకులో పారబోశాను. పడిపోతాడని అనుకోలేదు, ఒట్టు. చేతులు వణికి నలుగురిలో నవ్వులపాలైతే చాలనుకున్నాను.

అంతలోనే అమరచింత నుంచి కాన్పు కష్టమైన మనిషిని తెచ్చారు. ఆ హడావుడిలో పాల సంగతి ఆయనే మరిచిపోయి లోపలికి ఉరికాడు.

ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. ఇంకో నర్సు బిడ్డను బయటికి తీసుకెళ్లింది. గర్భసంచికి కుట్లు మొదలుపెట్టగానే ఆయన నుదుటి మీద చెమటలు చూశాను. సూది రెండుసార్లు తప్పుచోట దిగింది. దారం అడగాల్సింది పోయి కత్తెర అడిగాడు. నాకు అర్థమైపోయింది. మత్తు డాక్టరుకు ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. వణుకు, ఇంకా వణుకు అనుకుంటూ నిలబడ్డాను. సంతోషంగానే ఉండింది, దాచడమెందుకు!

సూది వదిలేసి పక్కకు ఒరిగిపోయాడు. థియేటర్ పనులు చూసే ఆయమ్మ వెనక నుంచి పట్టుకోకపోతే తల బండకు తగిలేదే. కుట్టు పడని చోట రక్తం ఉబికింది. నా సంతోషం అక్కడే చచ్చింది. గుడ్డలు కుక్కి రెండు చేతులతో నొక్కిపట్టాను.

మత్తు డాక్టరు పేషెంటు తల దగ్గర నుంచి కదలకుండానే అరిచాడు. "షుగరు పడిపోయింది! సారును ఇటు గుంజు ఆయమ్మా! సిస్టర్, నువ్వు చెయ్యి తియ్యకు!" ఆయమ్మ ఈడ్చుకొచ్చింది. మత్తు డాక్టరు అక్కడే వంగి సారు నరానికి గ్లూకోజు ఎక్కించాడు. పక్క వీధి లేడీ డాక్టరు కోసం వాచ్‌మన్ పరుగెత్తాడు.

కాసేపటికి మా సారు కళ్లు తెరిచాడు. గోడ పట్టుకుని లేవబోతూ, "గ్లౌజులియ్యి, నేనే కుడత" అన్నాడు. వేళ్లు ఇంకా వణుకుతున్నాయి.

"ఇయ్య సార్."

"ఏందే?"

"ఇయ్యనంటున్న. కూసోండ్రి."

"సిస్టర్ చెప్పింది నిజమే, జర కూసో అన్నా" అన్నాడు మత్తు డాక్టరు. సారు బండ మీద చతికిలబడ్డాడు. లేడీ డాక్టరు వచ్చి కుట్లు పూర్తిచేసినంతసేపూ నోరెత్తకుండా చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ని అలా చూసినా నాకు జాలి కలగలేదు, ఈరోజుకీ లేదు. పీడ విరగడైనట్టు అనిపించింది.

కానీ ఆ బాలింతకు రెండు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. మూడో రోజు వార్డులో ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొహం ఇంకా తెల్లగా పాలిపోయి ఉంది.

"నువ్వు వట్టుకోకుంటే నేను సచ్చిపోతుంటినంట గదమ్మా. నీ కడుపు సల్లగుండ. బిడ్డకు నీ పేరే పెడత. నీ పేరేంది?"

పేరు చెప్పలేక చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.