పాల పైపు

మా చెల్లెలికి నెలలు నిండకముందే కవలలు పుట్టారు. ఒక బాబు, ఒక పాప. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో, అద్దాల గదిలో పక్కపక్కనే ఉంచారు. చప్పరించే ఓపిక ఇద్దరికీ లేదు. నోట్లోంచి కడుపులోకి సన్నటి పైపు వేసి, చెల్లెలు పిండిచ్చిన పాలు దాంట్లోంచి పోసేవారు.

బడిలో పిల్లలతో ప్రశ్నలు అడిగించే ఉద్యోగం నాది. ఊరుకోలేక, ఆ పైపు లోపల గీసుకోదా అని డాక్టరమ్మను అడిగాను. గీసుకోదట, మెత్తగా వంగడానికి ప్లాస్టిక్‌లో థాలేట్ అనే రసాయనం కలుపుతారట. పాలల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి అది కొద్దికొద్దిగా పాలలోకి దిగుతుందట. ఇంత చిన్న పిల్లల్లో, అందులోనూ మగపిల్లల మర్మావయవాల ఎదుగుదల మీద అనుమానాలు ఎక్కువట. ఆడపిల్లలకూ అది మంచిది కాదట.

"అట్లని పైపు తీసేస్తే పిల్లలకు పాలెట్ల పోతయి? అది కలపని పైపులు కూడా వస్తయి. మా దగ్గర లేవు. మీరు తెస్తే వేస్త" అంది.

తెస్తే వేస్తుందట! దవాఖాన వాళ్లు తెప్పించలేనిది నేనెక్కడి నుంచి తేవాలి? ఒళ్లు మండింది. మండుతూనే బయల్దేరాను.

సూర్యాపేటలో ఏ మందుల దుకాణంలో అడిగినా ఒకటే పాట. "మేడం, పైపంటే పైపే. ఇన్నేండ్ల సంది గిదే అమ్ముతున్నం. ఎవ్వలన్న వచ్చి అడిగిన్రా?" ఎవరూ అడగకపోతే విషం పాలుగా మారిపోతుందా? వాదించి వాదించి నా గొంతే ఎండిపోయింది.

కోదాడ బస్సెక్కాను. అక్కడ మర్యాదకు లోటు లేదు, పైపుకే లోటు. "ఇలాంటివి మేం పెట్టమండీ, అడిగేవాళ్లు ఉండరు" అన్నాడు దుకాణదారు. నా మొహం చూసి జాలేసిందేమో, ఎవరికో ఫోన్ చేసి మిర్యాలగూడలో ఒక హోల్‌సేల్ దుకాణం గుర్తులు చెప్పాడు. మళ్లీ బస్సు. రైస్‌మిల్లుల దగ్గర వడ్ల లారీల వెనక కదలకుండా నిలబడ్డ ఆ బస్సులో నేను తిట్టుకోని దేవుడు లేడు.

మిర్యాలగూడ ఆయన ఒక డబ్బా అడుగు నుంచి రెండు ప్యాకెట్లు తీశాడు. ఇవే ఆఖరివి, మళ్లీ తెప్పించనన్నాడు. థాలేట్లు లేవని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. డాక్టరమ్మ చెప్పిన సైజే, గడువు కూడా ఉంది. ఇద్దరు పిల్లలు, రెండు పైపులు. తిరుగు ప్రయాణమంతా నిలబడి వచ్చినా నాకు సంతోషంగానే ఉంది.

ఆ సంతోషం దవాఖాన వరండా దాకానే. చెల్లెలి అత్తగారికి సంగతంతా విడమరిచి చెప్పాను. అంత చెప్పినా ఆమె చెవిన పడింది మగపిల్లలు అన్న ఒక్క మాటే.

"రెండూ బాబుకే ఉంచుదాం బిడ్డా. ఒకటి గిప్పుడు ఏస్తరు. మార్చేటప్పుడు ఇంకోటి కావాలె గద. పిల్లకు ఉన్నదే ఉండనీ, ఏం గాదు."

"పాపకు కూడా మంచిది కాదన్నది డాక్టరమ్మ, అత్తమ్మా!"

"నాకు సమజైంది. నువ్వు జర ఊకో."

పిల్లల తండ్రి ఫోన్‌లోంచి తల ఎత్తి, "అమ్మ చెప్పేది గూడ కరెక్టే గదా వదినా" అన్నాడు. ఇద్దరినీ కలిపి ఒక్కటి అంటించాలనిపించింది. మూడు ఊళ్లు తిరిగి తెచ్చిన ప్యాకెట్లను మాత్రం చేతిలోంచి వదల్లేదు.

పాలు పిండే గదిలోంచి చెల్లెలు గోడ పట్టుకుని వచ్చింది. కుట్లు ఇంకా మానలేదు. మా మాటలన్నీ విన్నట్టుంది. నా చేతిలోంచి రెండు ప్యాకెట్లూ తీసుకుని అద్దాల గది తలుపు కొట్టింది.

"సిస్టర్, ముందు పాపకు ఏయిన్రి. రెండోది బాబుకు."

"ముందు పాపకా?" అంది అత్తగారు.

చెల్లెలు వెనక్కి తిరిగింది. "పాలు నావే గద అత్తమ్మా. ఇద్దరికీ పిండేది నేనే."