నేవీ తాత నేర్పిన ముడి

పొద్దున తాండూరులో మా పాలిషింగ్ యూనిట్ ముందు నాపరాళ్ల లారీకి తాడు కడుతున్నాను. సూపర్‌వైజర్ నవ్వాడు. "ఆడపిల్ల కట్టిన ముడి తాండూరు దాటుతదా?"

తాడుతో వాడి మొహాన కొట్టాలనిపించింది. కానీ వానకు తడిసిన ఆ తాడు వాసన నన్ను మా ఊరు యాలాల్లో మా వాడ బావి దగ్గరికి లాక్కెళ్లింది.

మా వాడ దోస్తులారా, నేవీ తాత గుర్తున్నాడా? ఓడల మీద దేశాలన్నీ తిరిగొచ్చి, ఇంట్లో బనియన్‌కు కూడా ఇస్త్రీ చేసుకునేవాడు! ఒకరోజు నేను కట్టిన ముడి జారి అమ్మ ఇత్తడి బిందె బావిలో పడింది. దెబ్బలకు భయపడి తాత మంచం కింద దాక్కున్నాను. తాత కొక్కేలతో బిందెను పైకి తీశాడు, కానీ అది సొట్టపడింది. అమ్మ బరిగెతో రాగానే, "నేనే జారవిడిసిన కోడలా" అని అబద్ధమాడాడు.

ఆమె వెళ్లాక మంచం కిందికి వంగాడు. "ఇన్నేండ్లు ఓడల మీదున్న, ఒక్క ఓడ ముంచలే. నువ్వు ఒక్క పొద్దుల బిందె ముంచినవ్! బయటికి రా బిడ్డా, ఓడను కట్టే ముడి నేర్పుత."

"లాగి సూడు సార్," అన్నాను సూపర్‌వైజర్‌తో, లారీ తాడుకు ఆ ముడే బిగించి. టైరుకు కాలు తన్నిపెట్టి మరీ లాగాడు. ముడి కదల్లేదు.

"ఎవరు నేర్పిన్రు?"

"మా తాత. ఒక్క ఓడ ముంచలే."