రిబ్బన్ కట్టిన ర్యాంపు

కొండాపూర్‌లోని ఓ చిన్న మ్యూజియానికి మా ఆఫీసు కట్టించిన ర్యాంపు ఈ రోజు ప్రారంభించాం. అది కావాలని అడిగింది చక్రాల కుర్చీలో తిరిగే మా టీమ్ సునీత. తీరా తను వచ్చేసరికి ర్యాంపుకు అడ్డంగా రిబ్బన్, ముందు ముగ్గు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు.

"అన్నా, జర రిబ్బన్ జరుపు. ఎండగుంది, లోపలికి పోత," అంది సునీత సెక్యూరిటీ అతనితో.

"సార్ కట్ చెయ్యకముందే ఎట్ల పోతరు మేడం? ఫికర్ చెయ్యకుండ్రి, మేం ఎత్తుకపోతం."

నలుగురు ఆమెను కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

గంట తర్వాత అతిథి వచ్చి, రిబ్బన్ కత్తిరించి, ర్యాంపు మీద చకచకా నడిచి వెళ్లారు. అందరం చప్పట్లు కొట్టాం.

పొద్దున ఆ రిబ్బన్‌కు ముడి వేసింది నేనే. విప్పడానికి ఒక్క నిమిషం చాలు. మీరైతే విప్పేవారా? నిజం చెప్పండి.