వంటా వార్పులో మిరప కూలీలు

ఈ రోజు నర్సింహులపేటలో, తెలంగాణ కోసం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేశాం. ఆగిన బండ్లలో తండా కూలీల ట్రాలీ ఒకటి ఉంది. మిరపకాయలు ఏరడానికి గుంటూరు వైపు పోతున్నారు. సాయంత్రానికి చేరకపోతే రైతు ఆ చేను వేరే కూలీల ముఠాకు ఇస్తాడట. రెండు నెలల బియ్యం, గిన్నెలు వెంటే ఉన్నాయి. ఆకలికి ఆగలేక వాళ్లూ దిగి, మా పక్కనే మూడు రాళ్లు పెట్టి వండుకున్నారు. 'ఉద్యమంలో తండా మహిళలు' అని రాసుకుని పేపరాయన వాళ్ల ఫోటో తీసుకున్నాడు.

ముఠా పెద్దామె నన్నడిగింది. "సారూ, రాష్ట్రమొస్తే మా చెల్క భూమికి నీళ్లొస్తయా?"

"వస్తయక్కా. ఇగ వలస పోయే పనే ఉండది."

"గట్లయితే మంచిదే. గీ ఒక్క యేడు జర పోనియ్యరాదు?"

మావాళ్లను అడిగాను. నాలుగింటి దాకా ఎవరినీ వదలొద్దన్నారు. నేను మళ్లీ అడగలేదు.

నాలుగింటికి రోడ్డు వదిలాం. ఇక సాయంత్రానికి చేరలేరని అప్పటికే వేరే ముఠాను దించానని రైతు పెద్దామెకు ఫోన్‌లో చెప్పాడు. ట్రాలీ తండాకే తిరిగిపోయింది.

మీ దగ్గర వంటా వార్పుల్లో ఇలాంటి బండ్లను వదులుతున్నారా? మేం పొద్దున్నుంచీ వలసలు ఆగాలని నినాదాలు ఇచ్చాం. ఒకటి ఆపాం.