బొమ్మలో పైకెక్కిన చివరి తూము

డిగ్రీ అయిన ఏడాది, సంగం దగ్గరున్న మా ఊరి కాలువ తూములను బొమ్మగా చూపించి, నీటి వంతుల జాబితా ఇచ్చే చిన్న ప్రోగ్రాం రాశాను. బొమ్మలో చివరి తూమును చూపే పెట్టె స్క్రీన్ అడుగున సగమే కనబడుతోందని, మౌస్‌తో అన్నిటికన్నా పైకి జరిపాను.

మర్నాడు రైతుల ముందు జాబితా చదివితే, ఆ తూము కింద సేద్యం చేసే మా పెదనాయన పేరే మొదట వచ్చింది!

"మా నారుమడి ఎండిపోతా ఉండాది. మీ పెదనాయనకి ముందు నీళ్లిస్తావా?" అని మొదటి తూము రైతు గద్దించాడు.

అక్కడే పెట్టెను కిందికి జరిపి చూశాను. జాబితాలో పేరూ కిందికి పోయింది. స్క్రీన్ మీది చోటునే ప్రోగ్రాం కాలువలో వరుస అనుకుంటోందన్నమాట!

సాయంత్రానికల్లా ప్రోగ్రాం ఆ రెండింటినీ వేర్వేరుగా గుర్తుపెట్టుకునేలా మార్చి, పెట్టెను ఎటు జరిపినా వంతు మారదని అందరికీ చూపించాను.

"అయితే బొమ్మలోనన్నా నా తూమును పైన ఉండనీయమ్మా," అన్నాడు పెదనాయన.

ఇప్పటికీ అది పైనే ఉంది. నీళ్లు మాత్రం ఆయనకు చివరనే వస్తాయి.