బెల్టుకి తాళం, జేబులో తాళంచెవి

శనివారం నేను చేసిన ఘనకార్యం వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టేస్తారు. ఒక్క తాళంచెవితో సిమెంటు ఫ్యాక్టరీని ఆపేశానండీ!

దాచేపల్లి దగ్గర ఆ ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ని. పర్మనెంటు వాళ్లు చేసే పనే నేనూ చేస్తాను, క్యాంటీన్లు మాత్రం వేరు. శుక్రవారం మా ఇంజినీరు మురళి గారు పిలిచి, "సోమవారం పెద్ద సార్‌తో మాట్లాడి నిన్ను పర్మనెంటు చేయమంటానయ్యా. అప్పటిదాకా ఏ తప్పూ చెయ్యకు" అన్నారు. రెండు రోజులు! ఆమాత్రం ఉండలేనా?

శనివారం రాయి మోసే బెల్టు మోటారు చెడిపోయింది. మధ్యలో ఎవరూ ఆన్ చెయ్యకుండా, రిపేరు చేసే ప్రతివాడూ మెయిన్ స్విచ్‌కి తన సొంత తాళం వేసి, చెవి జేబులో పెట్టుకోవాలి. అన్ని తాళాలూ తీస్తేగానీ బెల్టు తిరగదు. నాదొకటి వేశాను, పర్మనెంటు టెక్నీషియన్ సుబ్బారావు గారు ఒకటి వేశారు. పని అయ్యాక ఆయన తన తాళం తీసేసుకుని నా భుజం మీద చెయ్యి వేశారు.

"రావయ్యా, మా క్యాంటీన్‌లో టీ తాగుదాం."

ఆరేళ్లలో మొదటిసారి! ఇంక తాళం గుర్తుంటుందా? టీ తాగాను, గారెలు కూడా తిన్నాను. షిఫ్టు అయిపోయిందని అటునుంచి అటే గుంటూరు బస్సెక్కి హాయిగా నిద్రపోయాను.

సత్తెనపల్లిలో మెలకువొచ్చి చూస్తే ఫోన్ నిండా మిస్డ్ కాల్స్. మురళి గారికి చేశాను.

"చెవి ఎక్కడయ్యా? బెల్టు ఆపుకుని కూర్చున్నాం!"

జేబు తడుముకున్నాను. ఉంది. అక్కడే దిగి వెనక్కి వెళ్లే బస్సెక్కాను. తీరా వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

"నీ పాస్ టైమ్ అయిపోయింది. రేపు రా."

"బాబూ, లోపల బెల్టు ఆగింది నా వల్లేనయ్యా!"

"అయితే అసలు పంపను."

ఏడుపొక్కటే తక్కువ. చివరికి మురళి గారే వచ్చి లోపలికి తీసుకెళ్లారు. అప్పటికే బెల్టు గడగడా తిరుగుతోంది! పెద్ద సార్ సంతకం తీసుకుని, కట్టర్‌తో నా తాళం కోసేశారట.

సోమవారం మురళి గారు మాట తప్పలేదు. నా పేరు చెప్పారు, పని బాగా చేస్తాడనీ చెప్పారు.

"పెద్ద సార్ ఏమన్నారు సార్?"

"'ఓ, ఆ తాళం అతనా!' అని నవ్వి, నీ ఫైలు పక్కన పెట్టేశారయ్యా."

పెద్ద సార్‌కి ఒక్కసారైనా నేనెవరో తెలియాలని మొక్కుకోని దేవుడు లేడు. మొక్కు తీరింది కదండీ, కొబ్బరికాయ కొట్టాలి. నా నెత్తినే కొట్టుకుంటాను!