శీల పూజలో ఉండాది

ఆ రోజుల్లో మాకు ఎత్తంటే భయం ఉండేది కాదని చెబితే ఇప్పటి పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అది పచ్చి అబద్ధం. భయం బాగానే ఉండేది. భయపడుతున్నామని పదిమందికి తెలిస్తే పరువు పోతుందన్న భయం దానికన్నా కాస్త పెద్దది, అంతే. కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలం అది. ఎక్కడ చూసినా ఏదో ఒకటి కడుతున్నారు. మీసం సరిగా మొలవకముందే నాకు వర్కు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చింది. కమలాపురం దగ్గర కడుతున్న నీళ్ల ట్యాంకు పని చూసుకోమని పంపారు. మా అమ్మ ఊళ్లో అందరికీ "మావాడు నీళ్ల ఆఫీసరు" అని చెప్పుకుంది. ఆ ఆఫీసరు గారికి నిచ్చెన మూడో మెట్టు దాటితే కళ్లు మూసుకోవాల్సి వచ్చేదని ఆమెకు నేను చెప్పలేదు. ఇన్నేళ్లకు మీకు చెబుతున్నాను.

ట్యాంకు ఎలా ఉండేదో కాస్త చెప్పాలి, లేకపోతే నా పాట్లు మీకు అర్థం కావు. ఎత్తయిన కాంక్రీటు స్తంభాల మీద గుండ్రటి తొట్టి, దాని మీద మూతలాగా స్లాబు. నేల మీంచి ఇనప నిచ్చెన తొట్టి అడుగున వదిలిన కంతలోంచి లోపలికి పోయి, అక్కడి చీకట్లోంచి ఇంకో కంత గుండా స్లాబు మీదికి తేలుతుంది. తొట్టి గోడకు బయట, అడుగున, చుట్టూరా జానెడు వెడల్పు అంచు. గోడకు గిలాబు, అంటే సిమెంటు పూత, చేసేవాళ్లు నడుముకు మోకు కట్టుకుని పైనుంచి ఆ అంచు మీదికి దిగేవాళ్లు. మోకు రెండో కొస స్లాబు మీది ఇనప ఉంగరానికి కడతారు. ఆ ఉంగరం కింద మూరెడు కడ్డీ. స్లాబు పోసేటప్పుడే అక్కడక్కడ వదిలిన బొక్కల్లో ఒకదాంట్లో ఆ కడ్డీ దింపి, తొట్టి లోపలికి దిగిన కొసకు, బండి చక్రానికి పెట్టినట్టు, అడ్డంగా ఒక శీల కొడతారు. ఇక ఏనుగు లాగినా రాదు. ఆ పక్క పని అయిపోగానే లోపల్నుంచి శీల తీసి, కడ్డీ పైకి లాగి, ఇంకో బొక్కకు మార్చుకుంటారు. ఈ ఏర్పాటంతా మా ఫిట్టరుది. మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసి వచ్చినవాడు కాబట్టి అందరం అతన్ని గనులన్న అనేవాళ్లం. మనిషి నిదానస్తుడు. ఆదివారం చర్చికి పోయేవాడు, ఆయుధ పూజకు తన సుత్తె మాత్రం అందరికన్నా ముందు ఇచ్చేవాడు.

ఆయుధ పూజ రోజే ఈ కథంతా జరిగింది. మేస్త్రీ మామ (మేనమామ కాదు, ఆ పనిలో అందరికీ ఆయన మామే) తెల్లవారకముందే పారలు, గడ్డపారలు, తాపీలు, తూకం గుండ్లు అన్నీ చింతపండుతో తోమించి, పసుపు కుంకాలు పెట్టించి, అమ్మవారి పటం ముందు వరసగా పేర్చాడు. కాంక్రీటు మిషనుకు బంతిపూల దండ వేశారు. ఒకసారి పూజలో పెట్టిన సామాను మరునాడు పూజ ఎత్తేదాకా ముట్టుకోకూడదు. మేస్త్రీ మామకు అది ఉత్త ఆచారం కాదు. అంతకుముందు ఇంకో ఊళ్లో ఎవడో పూజలోంచి గడ్డపార ఎత్తుకుపోయాడట, ఆ నెలలోనే మామ పెద్దకొడుకు సారవ కట్టెల మీంచి పడి కాలు పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఈ ఒక్క విషయంలో ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు.

"సార్, మీ టేపు గూడా ఈండి, అమ్మవారి ముందర పెడతాం" అన్నాడు నాతో. కొలతల టేపు ముందురోజు సాయంత్రం ఆ జానెడు అంచు మీదే వదిలేసి వచ్చాను. (కొలవడానికి దిగి, కిందికి చూసి, పైకి లాగమని గావుకేక పెట్టిన తొందరలో టేపు సంగతి ఎవరికి గుర్తుంటుంది?) ఆ మాట అక్కడ చెబితే నవ్వుతారు. "గదిలో ఉంది, తెస్తా" అని చెప్పి, ఎవరూ చూడకుండా నిచ్చెన ఎక్కాను. చీకటి తొట్టిలోంచి స్లాబు మీదికి తేలాను. ఉంగరం ఎప్పటిలాగే బొక్కలో నిలబడి ఉంది, మోకు పక్కనే చుట్ట చుట్టి ఉంది. దేవుడా అనుకుంటూ ఒక కొస ఉంగరానికి, ఇంకో కొస నడుముకు కట్టుకుని, కళ్లు సగం మూసుకుని గోడ వెంబడి జారాను. కాళ్లు అంచుకు తగిలాయి, టేపు దొరికింది, జేబులో పడింది. నాలాంటి ధైర్యవంతుడు కడప జిల్లాలో లేడనిపించింది.

ఆ గర్వం ఆరకముందే పైన గనులన్న ముఖం కనిపించింది. ఆ ముఖంలో చుక్క నెత్తురు లేదు.

"సార్, యాడుండారో ఆడనే ఉండండి. కదలాకండి."

"ఏమైందన్నా?"

"ఏం కాలేదు సార్. మోకు మాత్రం పట్టుకోవాకండి. గోడకు ఆనుకోని నిలబడండి."

"ఏం కాకపోతే ఎందుకు పట్టుకోకూడదు?"

అతను ఒకసారి వెనక్కి చూసి అన్నాడు. "శీల పూజలో ఉండాది సార్."

నాకు విషయం దిగేసరికి కాస్త సమయం పట్టింది. ఊళ్లో ఉన్న ఇనుమంతా పూజకు ఏరుతూ పొద్దున్నే అతనే తొట్టిలో దిగి శీల తీసేశాడు. ఉంగరం తర్వాత తీసుకుందాంలే అని దాన్ని మాత్రం బొక్కలోనే వదిలాడు. ఇప్పుడు దానికోసం వచ్చి చూస్తే దానికి మోకు, మోకుకు నేను! నేను దిగేటప్పుడే కడ్డీ బెత్తెడు పైకి లేచిందట. ఆ తొట్టిలోంచే కదా నేనూ పైకి వచ్చింది, ఒక్కసారి తలెత్తి కడ్డీ కొస చూసి ఉంటే? చూడలేదు. కాళ్ల కింద జానెడు కాంక్రీటు, దాని కింద గాలి, ఎక్కడో అడుగున కంకర కుప్ప. చెమటకు చెప్పుల్లో పాదాలు జారుతున్నాయి. పిక్క పట్టేసింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు అమ్మ గుర్తుకు రాలేదు, దేవుడు గుర్తుకు రాలేదు, ఏడుపు ఒక్కటే వచ్చింది.

గనులన్న ముఖం అంచు మీంచి మాయమైంది. గొంతు మాత్రం వినబడుతోంది. "మామా! శీల పంపించు! సార్ యాలాడతాండాడు!" కింద కలకలం లేచింది. నలుగురు నిచ్చెన వైపు పరుగెత్తబోయారు. "మనుషులు వద్దు!" అని పైనుంచి అరిచాడు. "నీళ్లు కట్టి కట్టి స్లాబంతా పాచి పట్టుండాది, కాలు ఆనదు, అందరూ జారతారు. శీల ఒకటే కావాల!"

మేస్త్రీ మామ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అప్పుడే కొబ్బరికాయ కొట్టారట. "కాయ కొట్టినంక ఎట్ల ఎత్తేదప్పా! ఎత్తితే ఇంగెవురికో పోతాది ప్రాణం!" అని, నా వైపు తిరిగి బతిమాలాడు. "సార్! మీరు భయపడాకండి. రేప్పొద్దన పూజ ఎత్తంగానే మొదట మీ శీలే పంపిస్తా!"

"రేపా!" అన్నాను. ఆ ఒక్క మాటకే మోకు ఊగింది, నేను నోరు మూసుకున్నాను.

"బువ్వ పైకి పంపిస్తాంలే సార్!" అని ఎవడో ధైర్యం చెప్పాడు. (వాడెవడో ఇప్పటికీ తెలియదు. దొరికితే అడగాల్సింది చాలా ఉంది.)

నా కోపమంతా గనులన్న మీదికి మళ్లింది. శీల తీసినవాడు తనే కదా, తానే దిగిపోయి తెచ్చుకోవచ్చు కదా, పైన కూర్చుని అరుస్తాడేమిటి, వీడికింత ఒళ్లుబరువా అని పళ్లు నూరుకున్నాను. అతనేమో నింపాదిగా వాదానికి దిగాడు.

"మామా, ఒకటి అడుగుతా. ఉంగరం ఈడుండాది, శీల ఆడుండాది. నువ్వు దేనికి పూజ చేసినట్టు?"

"పూజ సంగతి నీకేం తెలుసప్పా, చర్చికి పోయేటోడివి!"

"తెలీదు గాబట్టే అడుగుతాండా. బండి యాడనో ఇడిసిపెట్టి చక్రం ఒకటే తెచ్చి కుంకం పెడితే, అది బండికి పూజ అయినట్టేనా?"

గాలి వీచింది. నా కుడికాలు దానంతట అదే టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు మేస్త్రీ మామ తల్లి లేచింది. అందరూ జేజి అనే ఆ ముసలామె పూజ దగ్గర ఒక మాట అందంటే దానికి తిరుగు లేదు.

"వాడు చెప్పేది నిజమే గదరా. సగం సామానుకు కాయ కొట్టి పూజైపోయిందంటే అమ్మ ఒప్పుకుంటాదా? లెంపలేసుకోని శీల ఎత్తుకో. పైకి పోయి రెండూ కలిపి చెయ్. ముందు ఆ పిల్లోన్ని లాగండి. పూజైనంక మళ్లా ఆ సామాను వాడేదానికి లేదు, జాగ్రత్త!"

మేస్త్రీ మామ లెంపలు వాయించుకున్న చప్పుడు పైదాకా వినబడింది. తర్వాత తొట్టి లోపల అడుగుల శబ్దం, సుత్తె పూజలో ఉంది కాబట్టి రాతితో కొడుతున్న దెబ్బలు. ఒక్కో దెబ్బకూ గోడ నా వీపులో అదిరింది. "పడిందప్పా శీల!" అని లోపల్నుంచి కేక. "సార్, ఇప్పుడు పట్టుకోండి" అన్నాడు గనులన్న. మేస్త్రీ మామ కూడా పైకొచ్చి చెయ్యేశాడు. గోడకు గీసుకుంటూ మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయి, ఎలాగో స్లాబు మీద బోర్లా పడ్డాను.

తల ఎత్తి చూస్తే మోకు ఉంగరం దగ్గరికి తిన్నగా పోలేదు. మధ్యలో గనులన్న నడుముకు చుట్లు చుట్టుకుని ఉంది. అరికాళ్లు కంత అంచుకు తన్నిపెట్టి, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రెండు అరచేతులూ చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి. నేను ఒళ్లుబరువని తిట్టుకున్నంతసేపూ నా బరువు కాచుకుని ఉన్నది ఆ మనిషే. నేను పడితే అతనూ నాతోపాటే వచ్చేవాడు.

"శీల పడింది కదన్నా, ఇంకా విప్పుకోలేదేం?" అన్నాను.

"పడిందన్నారు సార్. లోపల చీకటి, నా కండ్లతో నేను చూల్లేదు గదా."

మేస్త్రీ మామ మాత్రం నా జేబులోంచి టేపు లాక్కుని, ఉంగరం పక్కన పెట్టి, కుంకం పెట్టి, కర్పూరం వెలిగించాడు. బతికావా, చచ్చావా అని నన్ను ఎవరూ అడగలేదు. కిందికి దిగాక జేజి నా నొసట ఇంత కుంకం రుద్ది, చుట్టూ చూసి గట్టిగా చెప్పింది. "ఈయప్ప గూడా పూజలో ఉన్నట్టే. రేప్పొద్దన దాంకా ఎవురూ పనికి వాడుకోగూడదు!" అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, నవ్వు మధ్యలో ఏడుపు వచ్చింది, దాన్ని దాచుకోవడానికి గనులన్న పక్కన పోయి కూర్చున్నాను.

అతని రెండు చేతులకూ పసుపు పెట్టి గుడ్డ చుట్టారు. పప్పులు, బెల్లం కలిపిన ప్రసాదం బొరుగులు వచ్చాయి, అతను పట్టుకోలేడు. నేను పిడికెడు తీసుకుని అతని నోట్లో పెడుతూ కూర్చున్నాను. అతనికింత పెట్టేవాణ్ణి, నేనింత తినేవాణ్ణి. నాకు ప్రాణం పోసినవాడికి నా చేత్తో తినిపిస్తున్నానని లోలోపల పొంగిపోతున్నాను, కళ్లు కూడా చెమర్చాయి. కాసేపయ్యాక అతను నమలడం ఆపి, నా వైపు చూసి, చాలా మర్యాదగా అన్నాడు.

"సార్, పప్పులు బెల్లం అన్నీ మీరే ఏరుకుంటాండారు. నాకు గూడా రెండు పెట్టండి."

చూసుకుంటే నిజమే.